గోదావరి డెల్టాలో మొదటి ఇంటి స్థలం: నీళ్ళు చూసి, మట్టి చూసి, కాగితం చూసి, అప్పుడు బయానా

సంక్రాంతికి ఊరొచ్చి, కనుమ నాడు స్థలం చూసి, ముక్కనుమ దాటకుండా బయానా ఇచ్చేయడం మన గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో జరిగేదే. జనవరిలో డెల్టా కళ్ళకి ఇంపుగా ఉంటుంది. సార్వా మాసూళ్ళు అయిపోయి ఉంటాయి, దాళ్వా ఊడ్పులు సాగుతుంటాయి, పుంతలు ఆరిపోయి కారు లేఅవుట్ లోపలిదాకా వెళ్తుంది. ఆ నెలలో ఏ పల్లమైనా మెరకలాగే కనిపిస్తుంది.

మేమూ అలాగే కొన్నాం. అమలాపురానికి కొంచెం దూరంలో ఐదు సెంట్లు. ఎర్ర గ్రావెల్ పరిచి, సున్నం కొట్టిన రాళ్ళు పాతి, చూడముచ్చటగా ఉంది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇల్లు కట్టుకున్న రెండో వర్షాకాలానికి వంటగది మూల నుంచి కిటికీ దాకా గోడ బీట వారింది. రూపాయి బిళ్ళ నిలబెట్టి దూర్చితే లోపలికి పోయేంత పగులు. పునాది పక్కన తవ్విస్తే నల్లటి బురద, అందులో నత్తగుల్లలు బయటపడ్డాయి. అది పూడ్చేసిన చేపల చెరువు. అమ్మినవాళ్ళు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పునాది బలపరచడానికి పెట్టిన డబ్బుతో మా అబ్బాయి చదువు ఒక ఏడాది గడిచేది.

అందుకే మొదటిసారి కొనేవాళ్ళు ఎవరు అడిగినా నేను చెప్పే వరస ఒకటే. ముందు నీళ్ళు, తర్వాత మట్టి, ఆ తర్వాత కాగితాలు, ఆఖర్న ధర. కాగితంలో లోపం ఉంటే లాయరు కొంతవరకైనా సరిచేస్తాడు. పల్లాన్ని మెరక చేయాలంటే మాత్రం మన జేబే ఖాళీ అవ్వాలి.

నీళ్ళు చూడటం

డెల్టాలో ఇంటిమీదికి వచ్చే నీళ్ళు రెండు రకాలు. మొదటిది ఏటి వరద. ఇది జూలై, ఆగస్టుల్లో ఎగువ నుంచి వస్తుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 24 అడుగులు దాటి, 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2022 జూలైలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఏటిగట్టుకి లోపలి వైపు, అంటే లంకల్లోనూ గట్టుకీ ఏటికీ మధ్యా, ఇల్లు కట్టుకునే స్థలం ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. గట్టుకి బయట వైపు ఉన్నా గట్టు ఎంత దూరమో, ఆ ప్రాంతంలో ఎప్పుడైనా గండి పడిందో తెలుసుకోండి.

రెండోది ముంపు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలకి మురుగు కాలువలు లాగక నిలబడిపోయే నీళ్ళు ఇవి. భీమవరం వైపు యనమదుర్రు, కోనసీమలో కౌశిక, తూర్పు డెల్టాలో తుల్యభాగ లాంటి డ్రెయిన్లన్నీ చివరికి సముద్రంలోనో, సముద్రపు పాయలోనో కలవాలి. పోటు సమయంలో సముద్రం ఆ నీళ్ళని వెనక్కి తోస్తుంది. అందుకే ఏటికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న స్థలం కూడా వారం రోజులు మోకాలి లోతు నీళ్ళలో ఉండొచ్చు. నా అనుభవంలో కొనేవాళ్ళని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఏటి వరద గురించి అందరూ అడుగుతారు, ముంపు గురించి ఎవరూ అడగరు.

ఏం చేయాలంటే, స్థలానికి దగ్గర్లో ఉన్న పాత మండువా లోగిలి గానీ, పాత గుడి గానీ వెతకండి. మన పెద్దవాళ్ళు అరుగులు ఊరికే ఎత్తు పెట్టలేదు. ఆ ఇంట్లో పెద్దాయనో, పెద్దావిడో ఉంటే కూర్చుని అడగండి: "ఎనభై ఆరు వరదకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయండీ? తొంభై ఆరు తుపానుకి?" 1996 నవంబరు తుపానుని కోనసీమలో ఎవరూ మర్చిపోలేదు. వాళ్ళు అరుగు మీద ఏదో ఒక మెట్టు చూపిస్తారు, లేదా గోడమీద చెయ్యి పెడతారు. ఆ చెయ్యి పెట్టిన చోట సుద్దతో గీత గీయండి.

ఇప్పుడు ఆ ఎత్తుని మీ స్థలానికి తీసుకురావాలి. తాపీ మేస్త్రి దగ్గర నీళ్ళు నింపిన లెవల్ గొట్టం ఉంటుంది. గొట్టం ఒక కొస గీత దగ్గర ఒకళ్ళు పట్టుకుంటే, రెండో కొసని కొంత దూరంలో పాతిన కర్ర దగ్గర ఇంకొకళ్ళు పట్టుకోవాలి. గొట్టంలో గాలి బుడగలు లేకుండా చూసుకుని, నీళ్ళు కదలకుండా నిలిచాక కర్రమీద గుర్తు పెట్టండి. ఆ కర్ర నుంచి ఇంకో కర్రకి, అలా స్థలం దాకా రండి. దూరం వంద గజాలు దాటితే గొట్టంతో తప్పు పెరుగుతుంది, అప్పుడు సర్వేయరుని లెవల్ మిషనుతో పిలవండి. ఒక పూట పని. స్థలంలో నిలబడి "వరద నీళ్ళు నా నడుము దాకా వస్తాయి" అని కళ్ళారా చూశాక మీరు బేరమాడే తీరే మారిపోతుంది.

తర్వాత నడవండి. స్థలంలో పడిన వాన నీళ్ళు ఏ బోదెలోకి, అంటే ఏ చిన్న కాలువలోకి వెళ్తాయో, ఆ బోదె ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో ఆ కొస దాకా నడిచి చూడండి. మధ్యలో కొత్త లేఅవుట్ వేసి బోదె పూడ్చేసిన చోటు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. మీ నీళ్ళకి దారి లేదు. పొలం గట్టున ఉన్న రైతుని, పొద్దున్నే పాలు పోసే ఆయన్ని అడగండి. వాళ్ళకి అమ్మకంతో పని లేదు గనక ఉన్నది ఉన్నట్టు చెబుతారు. కుదిరితే ఒకసారి వానాకాలంలోనూ రండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనక ఏప్రిల్, మే నెలల్లో చూసిన నేలకీ, జూన్‌లో కాలువలు వదిలాక కనిపించే నేలకీ పోలిక ఉండదు.

ఇంకో చిన్న సంగతి. మన రోడ్లు చాలావరకు కాలువ గట్ల మీదే ఉంటాయి. రోడ్డుకీ స్థలానికీ మధ్య పంట కాలువో, బోదో ఉంటే దానిమీద వంతెన ఎవరిది, ఇరిగేషన్ శాఖ అనుమతితో కట్టారా అని అడగండి. అనుమతి లేని వంతెన తీసేస్తే మీ ఇంటికి దారి ఉండదు.

మట్టి చూడటం

అమ్మే ఆయన్ని అడిగి, ఒక కూలీని పెట్టి, స్థలంలో రెండు మూలల్లో ఐదారడుగులు తవ్వించండి. ఒప్పుకోకపోతే ఆ స్థలం మీకొద్దు.

పైన అడుగో, రెండడుగులో ఎర్ర గ్రావెల్ వస్తుంది. మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోసింది అది, దాన్ని పట్టించుకోకండి. దాని కింద ఏముందో చూడండి. ఇసుక కలిసిన ఒండ్రు వస్తే సంతోషం. నల్లమట్టి వస్తే ఒక ముద్ద తీసి, తడిపి, అరచేతుల మధ్య పురికొసలాగా తిప్పండి. విరగకుండా సన్నగా సాగిందంటే జిగురు ఎక్కువ, అంటే వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది. గోడలు బీటలు వారేది ఈ కదలిక వల్లే. కుళ్ళిన వాసన, నత్తగుల్లలు, ప్లాస్టిక్ సంచుల ముక్కలు, ఏరేటర్ (చెరువు నీళ్ళలో గాలి కలిపే యంత్రం) తాడు లాంటివి కనిపిస్తే అది చెరువు. రొయ్యల చెరువులు, చేపల చెరువులు పూడ్చి లేఅవుట్ వేయడం భీమవరం, ఉండి, ఆకివీడు వైపే కాదు, ఇప్పుడు కోనసీమలోనూ ఉంది. ఫోనులో ఉపగ్రహ చిత్రాల్లో పాత సంవత్సరాలవి తెరిచి చూస్తే ఆ స్థలం ఒకప్పుడు నీలంగా మెరిసే చెరువా, పచ్చటి చేనా, కొబ్బరి తోటా అన్నది ఇంట్లో కూర్చునే తెలుస్తుంది. మేము కొనేటప్పుడు ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు.

చెరువు పూడ్చిన స్థలమంటే కొనకూడదని కాదు. తెలిసి కొనాలి. భూసార పరీక్ష కాదు, ఇంజనీరు దగ్గర సాయిల్ టెస్ట్ చేయించాలి. బోరు వేసి లోతు లోతుకీ నేల బలం కొలిచి, పునాది ఏ రకంగా వేయాలో రాసిస్తారు. ఉబ్బే నల్లమట్టిలో మామూలుగా అండర్ రీమ్డ్ పైల్స్ వేస్తారు. నేలలోకి సుమారు మూడున్నర మీటర్ల లోతు గుంత తీసి, కింద గంటలాగా వెడల్పు చేసి, కాంక్రీటు నింపి, పైన బీములతో కలుపుతారు. మెత్తటి బురద ఇంకా లోతుగా ఉంటే పైల్ కూడా అంత లోతుకి పోవాలి. "పక్కింటాయన మామూలు పునాదే వేశాడండీ, ఏం కాలేదు" అని మేస్త్రి అంటాడు. పక్కింటి కింద చెరువు ఉండకపోవచ్చు.

మెరక ఖర్చు కూడా ఇప్పుడే లెక్కేయండి. ఒక సెంటు 48.4 చదరపు గజాలు, అంటే 435.6 చదరపు అడుగులు. ఐదు సెంట్లు 2,178 చదరపు అడుగులు. నాలుగడుగులు మెరక చేయాలంటే 8,712 ఘనపు అడుగులు. వంద ఘనపు అడుగులు ఒక యూనిట్, అంటే 87 యూనిట్లు. పోసిన మట్టి దిగుతుంది గనక పావు వంతు ఎక్కువ వేసుకోండి. సుమారు 109 యూనిట్లు. ట్రాక్టరుకి యూనిట్ చొప్పున ఎన్ని ట్రాక్టర్లో, మీ ఊళ్ళో ట్రాక్టరు రేటెంతో అడిగి, ఆ మొత్తాన్ని స్థలం ధరకి కలిపి చూడండి. సెంటు చవగ్గా వస్తోందని సంబరపడిన స్థలం కొన్నిసార్లు పక్కనున్న ఖరీదైన మెరక కంటే ఎక్కువే పడుతుంది. మెరక పోశాక కనీసం ఒక వానాకాలం వదిలేసి, నేల కుదురుకున్నాక కట్టడం మొదలుపెడితే మంచిది.

సముద్రానికి దగ్గరి ఊళ్ళయితే బోరు నీళ్ళు రుచి చూడండి. తీపి నీళ్ళు పైపొరలో ఉండి, కింద ఉప్పు నీళ్ళు ఉంటాయి. లోతుగా వేసిన కొద్దీ బాగుంటాయనుకుంటే ఉప్పు తగులుతుంది. చుట్టుపక్కల ఎన్ని అడుగులకి బోరు వేశారో కనుక్కోండి. ఉప్పు నీళ్ళతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పు పట్టి శ్లాబు పెచ్చులూడుతుంది. ఇనుము వాడే కాంక్రీటుకి లీటరు నీళ్ళలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. నీళ్ళ పరీక్షకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పక్కనే ఉప్పునీటి రొయ్యల చెరువు ఉంటే గోడలకి ఉప్పు పొంగుతుంది, చెమ్మ ఎక్కుతుంది. నా మాట వింటే అలాంటిది వదిలేయండి.

కంటికి కనపడనివి

కోనసీమలో నేల కింద గ్యాస్ పైపులైన్లు ఉన్నాయి. 2014 జూన్ 27న నగరం అనే గ్రామంలో పైపులైను పేలి ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మనకి తెలుసు. పైపు వెళ్ళే పట్టీ మీద భూమి రైతుదే అయినా, 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం అక్కడ ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పొలాల్లో పైపులైను గుర్తు స్తంభాలు కనిపిస్తాయి. రెండు స్తంభాల మధ్య గీత గీసినట్టు ఊహించుకుంటే మీ స్థలం దానిమీద పడుతోందో లేదో అర్థమవుతుంది. అనుమానం ఉంటే వీఆర్వోని అడిగి, పైపులైను సంస్థ కార్యాలయంలో సర్వే నంబరు చెప్పి రాతపూర్వకంగా తెలుసుకోండి.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం లాంటి తీరపు ఊళ్ళలో అయితే తీర ప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. సముద్రం పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు, ఉప్పుటేరుల ఒడ్డున కూడా, కట్టడాలకి ఆంక్షలు ఉన్నాయి. బీచి దగ్గర ఇల్లు అనే మాట వినగానే ముందు ఇది గుర్తుకు రావాలి.

కాగితాలు చూడటం

నీళ్ళూ మట్టీ నచ్చాయా? ఇప్పుడు కాగితాలు తెప్పించండి. జిరాక్సులు చాలు, కానీ స్థలం ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన దస్తావేజుల గొలుసు మొత్తం రావాలి.

మొదటి ప్రశ్న: ఇది ఏ రకం భూమి? జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి అయితే ముందుకెళ్ళండి. పోరంబోకు, కాలువ గట్టు, లంక భూమి, దేవాదాయం, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా అయితే ఆగండి. అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. మన డెల్టాలో గుళ్ళకీ సత్రాలకీ మాన్యాలు చాలా ఉన్నాయి. తరతరాలుగా కౌలు చేస్తున్నవాళ్ళు సొంతమని నమ్మి అమ్మేసిన ఉదంతాలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 22-ఎ నిషేధిత జాబితా, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా ఉంటుంది. సర్వే నంబరు కొట్టి చూడండి. "ఫ్రీహోల్డ్ అయిపోయిందండీ" (ఆంక్షలు పోయి పూర్తి హక్కు వచ్చేసింది) అంటే జాబితా నుంచి తీసేసిన ఉత్తర్వు చేతికిమ్మనండి, నోటి మాట వద్దు.

ప్రభుత్వ మీభూమి వెబ్‌సైటులో అడంగల్ (సాగు, అనుభవం రికార్డు), 1-బి (యజమాని పేరున ఉన్న భూముల రికార్డు), ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పటం) చూడండి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ల్యాండ్ పార్సిల్ నంబరు వచ్చింది, దాన్ని ఎల్‌పీ నంబరు అంటున్నారు. లేఅవుట్ అనుమతి నంబరుని కూడా ఎల్‌పీ నంబరు అనే అంటారు. ఎవరైనా "ఎల్‌పీ ఉందండీ" అంటే ఏ ఎల్‌పీ అని అడగండి. రీసర్వే నంబరు చూపించి అనుమతి ఉన్న లేఅవుట్ అని నమ్మించడం నేను చూశాను. అనుమతి లేని లేఅవుట్‌లో కొంటే తర్వాత క్రమబద్ధీకరణ కోసం ఖాళీ స్థలం ఛార్జీ మీరే కట్టుకోవాల్సి వస్తుంది. అది కట్టేదాకా ఇంటి ప్లాను రాదు, ప్లాను లేకపోతే బ్యాంకు అప్పు రాదు.

ఈసీ, అంటే స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రిజిస్ట్రేషన్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, కనీసం 30 ఏళ్ళకి తీయండి. 1983 నుంచి ఉన్నది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడగాలి. ఇంకో జాగ్రత్త ఉంది. ఊళ్ళు ఒక సబ్ రిజిస్ట్రారు పరిధి నుంచి ఇంకోదానికి మారుతుంటాయి. అలా మారి ఉంటే రెండు చోట్లా ఈసీ తీయాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి గనక పాత దస్తావేజులో తూర్పు గోదావరి అని, కొత్తదాంట్లో కోనసీమ అని ఉంటే కంగారు పడక్కర్లేదు. ఈసీలో కనపడనివి కూడా ఉంటాయి: రిజిస్టరు కాని వీలునామా, నోటి పంపకం, కోర్టులో నడుస్తున్న దావా. వీటికోసం ఊళ్ళో అడగాలి, లాయరు చేత కోర్టులో వెతికించాలి.

అన్నిటికంటే ఎక్కువ గొడవలు వచ్చేది ఆడపిల్లల వాటా దగ్గర. మా బాబాయి ముగ్గురు అన్నదమ్ముల దగ్గర స్థలం కొన్నాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. రెండేళ్ళ తర్వాత వాళ్ళ చెల్లెలు వచ్చి, "నాన్న పోయాక నన్ను ఎవరూ అడగలేదు బాబాయి గారూ, నా వాటా నాకు కావాలి" అంది. ఆవిడది తప్పేమీ లేదు. తండ్రి స్వార్జితం వీలునామా లేకుండా ఉంటే 1956 చట్టం నుంచే కూతురికి కొడుకుతో సమాన వాటా. పిత్రార్జితంలో ఆడపిల్లలకి హక్కు మన రాష్ట్రం 1986లోనే చట్టంగా తెచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మనవైపు పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చామని నోటి మాటగా చెప్పుకుంటారు, కాగితం ఉండదు. కాబట్టి ఇలా చేయండి: చనిపోయిన యజమాని మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం అడగండి. అందులో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో అమ్మకందారుగా ఉండాలి, లేదా రిజిస్టరు చేసిన హక్కు విడుదల పత్రమైనా ఉండాలి. అత్తారింట్లో ఉన్న ఆడపడుచు దగ్గరికి మీరే స్వయంగా వెళ్ళి, "అమ్మా, మేము కొంటున్నాం, మీకు అభ్యంతరం లేదు కదా" అని అడిగి రండి. ఆ ఒక్క ప్రయాణం చేసి ఉంటే మా బాబాయికి కోర్టు మెట్లు తప్పేవి.

అమ్మే ఆయన గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి పవర్ ఆఫ్ అటార్నీ మీద అమ్మిస్తుంటే ఆ పవరు అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువపరచి ఉందా, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించారా, అందులో అమ్మే అధికారం స్పష్టంగా రాసి ఉందా చూడండి. వీడియో కాల్‌లో ఆయనతో మీరే మాట్లాడండి. ఇక అసలు అమ్మకం దస్తావేజు లేకుండా పవరు మాత్రమే రాసిచ్చి స్థలం మీదే అనుకోమంటే ఒప్పుకోకండి. దానివల్ల హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

ఊరి మధ్యలో పాత ఇల్లు కొంటుంటే అది గ్రామకంఠం, అంటే ఊళ్ళో ఇళ్ళ కోసం వదిలిన భూమి కావచ్చు. దానికి అడంగల్ ఉండదు. పాత దస్తావేజులు, ఇంటి పన్ను రశీదులు, కరెంటు బిల్లులు, ఎవరు ఎన్నేళ్ళుగా ఉంటున్నారన్నదే ఆధారం. ఇది తెలిసిన లాయరు చూస్తేనే ముందుకెళ్ళండి.

ఇవన్నీ బ్యాంకు లాయరు చూస్తాడులే అనుకోవద్దు. ఆయన బ్యాంకు డబ్బు వెనక్కి వస్తుందా అన్నది చూస్తాడు. మీ తరఫున ఒక లాయరుకి ఫీజు ఇచ్చి విడిగా అభిప్రాయం రాయించుకోండి.

సర్వేయరు చేత కొలిపించడం కూడా ఈ దశలోనే. దస్తావేజులో ఐదు సెంట్లు ఉంటే నేలమీద నాలుగున్నర ఉండటం మామూలే, బోదె గట్టో, పక్కింటి దడో మింగేస్తుంది.

ఫ్లాటు అయితే

కాకినాడలోనో, రాజమండ్రిలోనో, భీమవరంలోనో ఫ్లాటు కొంటుంటే పైవన్నీ ఆ భవనం ఉన్న నేలకి వర్తిస్తాయి. అదనంగా, 500 చదరపు మీటర్లు గానీ, ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకి రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉండాలి. రిజిస్టరు చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు బిల్డరుకి లేదు. భవనం కింది నేలలో మీకు వచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో, కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు ఎంతో అగ్రిమెంటులో రాయించండి. అప్పగించిన ఐదేళ్ళలోపు కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరే సరిచేయాలి. వానాకాలంలో సెల్లార్ చూడండి. మోటారు పెట్టి నీళ్ళు తోడుతుంటే ఆ భవనం గురించి ఇంకేమీ అడగక్కర్లేదు.

డబ్బు

చేతిలో ఎంత ఉండాలో చూద్దాం. కట్టిన ఇల్లు 28 లక్షలకి కుదిరిందనుకోండి. 30 లక్షల దాకా ఇంటి అప్పులకి బ్యాంకు గరిష్ఠంగా విలువలో 90 శాతం ఇవ్వొచ్చు, అంటే 25 లక్షల 20 వేలు. మిగతా 2 లక్షల 80 వేలు మీవి. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం, అంటే 2 లక్షల 10 వేలు. దీనికి అప్పు రాదు. అక్కడికి 4 లక్షల 90 వేలు, పైన లాయరు, సర్వేయరు, రాతకోలు ఖర్చులు. అయితే విలువ అంటే బ్యాంకు ఇంజనీరు కట్టిన విలువ, మీరు చెప్పుకున్న ధర కాదు. దస్తావేజులో ధర తక్కువ రాసుకుని మిగతాది చేతికి ఇమ్మని అడుగుతారు. అలా చేస్తే అప్పు తగ్గుతుంది, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్ను మీ నెత్తిన పడుతుంది, గొడవ వస్తే ఇచ్చిన డబ్బుకి రుజువు ఉండదు. ఒప్పుకోకండి.

బయానా ఇచ్చేటప్పుడు మనవాళ్ళు మొహమాటపడి తెల్లకాగితం మీద రాసుకుంటారు. తెలిసినవాళ్ళే అయినా అగ్రిమెంటు రాయించండి. స్థలం లావాదేవీలో 20 వేలు, అంతకు పైన నగదు తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. చెక్కు గానీ, బ్యాంకు బదిలీ గానీ వాడండి. కాగితాల్లో లోపం బయటపడితే ఎన్నాళ్ళలో బయానా వెనక్కి ఇస్తారో ఒక వాక్యం తప్పక ఉండాలి. పెద్ద మొత్తం ఇస్తుంటే అగ్రిమెంటుని రిజిస్టరు చేయించండి, ఈసీలో కనిపిస్తుంది, ఇంకొకరికి అమ్మడానికి జంకుతారు.

ధర 50 లక్షలు, అంతకు పైన ఉంటే అమ్మే ఆయనకి ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం ఆదాయపు పన్ను (టీడీఎస్) మీరే మినహాయించి కట్టాలి. అమ్మే ఆయన విదేశాల్లో స్థిరపడిన మనిషైతే ఈ 50 లక్షల లెక్క వర్తించదు. ధర ఎంతైనా మినహాయించాలి, శాతం కూడా చాలా ఎక్కువ, కట్టకపోతే బాధ్యత కొన్నవాళ్ళది. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, తణుకు వైపు చాలా స్థలాల యజమానులు బయటి దేశాల్లోనే ఉంటారు గనక ఇది చదివి వదిలేయకండి, ఆడిటరుని కలవండి.

రిజిస్ట్రేషన్ రోజు, ఆ తర్వాత

దస్తావేజు లేఖరి ముసాయిదాని రెండు రోజుల ముందే తెప్పించుకుని ఇంట్లో కూర్చుని చదవండి. చతుర్హద్దులు చదివేటప్పుడు కళ్ళు మూసుకుని స్థలం మధ్యలో నిలబడినట్టు ఊహించుకోండి. తూర్పున ఎవరిది, దక్షిణాన ఏ దారి. తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. పేర్ల అక్షరాలు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా, విస్తీర్ణం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా, దారి హక్కు రాశారా చూడండి. ఆ పొద్దున్నే ఇంకోసారి ఈసీ తీయండి. మధ్యలో ఇంకెవరికైనా తాకట్టు పెట్టి ఉంటే తెలుస్తుంది. పాత అసలు దస్తావేజులన్నీ చేతికి వచ్చాకే చివరి చెక్కు ఇవ్వండి.

రిజిస్ట్రేషన్‌తో పని అయిపోలేదు. మ్యుటేషన్ చేయించి రికార్డుల్లో పేరు మార్పించుకోండి. కట్టిన ఇల్లయితే ఇంటి పన్ను, కుళాయి, కరెంటు మీటరు మీ పేరున మారాలి. తర్వాత ఒక ఆదివారం నాలుగు మూలలా రాళ్ళు పాతించండి. పక్క స్థలాల వాళ్ళందరినీ పిలవండి, టీ ఇవ్వండి, వాళ్ళు చూస్తుండగా సర్వేయరు గొలుసు లాగనివ్వండి. రాయి ఒకటిన్నర అడుగు లోపల, అడుగు పైన ఉండేలా కాంక్రీటులో కుదించి, దస్తావేజు నంబరు, సంవత్సరం పెయింటుతో రాయించి, ఒక్కో రాయి పక్కన నిలబడి ఫోటో తీసుకోండి. వచ్చే ఆగస్టులో ఒక వాన రోజు మళ్ళీ వెళ్ళి నీళ్ళు ఏ రాయి దాకా వచ్చాయో చూసి ఆ రాయి మీద గీత పెట్టుకోండి. బేస్‌మెంట్ ఎంత ఎత్తు లేపాలో మేస్త్రికి ఆ గీత చూపించి చెప్పండి.